అరుణాచలంలో తీరిన మొక్కు, తీరని కోరిక

డీఎస్సీలో మా అమ్మాయికి ఉద్యోగం వస్తే అరుణగిరికి పాదరక్షలు లేకుండా ప్రదక్షిణ చేస్తామని నేనూ నా భార్యా మొక్కుకున్నాము. స్వామి దయవల్ల ఉద్యోగం వచ్చింది, మొక్కు చెల్లించాము, అరికాళ్ళ మంట పూర్తిగా తగ్గకముందే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. క్షేత్ర మహిమ అందరికీ తెలిసినదే కనుక దాని జోలికి పోను. ఆ 14 కిలోమీటర్ల దారి పొడవునా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: ఏళ్ళ తరబడి కోరుకున్నది చేతికి అందిన తరువాత, దానివల్ల కలిగిన సంతోషం అంత త్వరగా ఎందుకు కరిగిపోతుంది?

ఎంపికైనవారి జాబితాలో పేరు కనిపించిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం కూడా సహించలేదు. ఆ పొంగు చల్లారకముందే, పోస్టింగు ఏ మండలంలో వేస్తారోనన్న బెంగ పట్టుకుంది. తెల్లవారుజామున రాజగోపురం ఎదుట కర్పూరం వెలిగించి నడక మొదలుపెట్టినప్పుడు నోట అరుణాచల శివ నామమే ఉన్నా, కొండ చుట్టూ దారిలో ఉన్న అష్టలింగాలలో అగ్నిలింగం దాటి యమలింగం చేరేసరికి నా మనసు అమ్మాయికి సంబంధాలు వెతకడంలో పడింది. కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చినవాడిని, దారిలోనే కొత్త అర్జీ సిద్ధం చేసుకుంటున్నాను.

ఆ రెండు లింగాల నడుమనే రమణాశ్రమం ఉంది. 1896లో పదహారేళ్ళ ప్రాయంలో ఈ కొండను చేరి, 1950లో దేహం చాలించేవరకు దీనిని విడిచిపోని భగవాన్ రమణులు నా ప్రశ్నకు ఏనాడో సమాధానం చెప్పారు. సుఖం వస్తువులో లేదని, కోరినది లభించినప్పుడు మనసు పరుగు మాని తన మూలానికి చేరుతుందని, అక్కడ ఉన్న ఆనందాన్నే మనం వస్తువు ఇచ్చినదని భ్రమిస్తామని ఆయన బోధ. చెట్టునీడను వదిలి ఎండలోకి పోయి, మాడి, మళ్ళీ నీడకు వచ్చి హాయి అనుకునేవాడితో మనలను పోల్చారు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కాని బిడ్డ బాగుండాలని కోరడం కూడా పనిలేక ఎండలో తిరగడమేనా అని నాకు సందేహం. కోరికను అణచుకోవద్దని జీవితమంతా కలహించిన మన చలంగారు కూడా 1950లో ఇక్కడికే వచ్చి 1979లో ఇక్కడే కన్నుమూశారు కదా అని గుర్తుకు వచ్చినప్పుడు, నాబోటివాడు ఒక్క ఉదయపు నడకలో తేల్చగలిగిన విషయం కాదని ఊరుకున్నాను.

వాయులింగం దాటిన తరువాత అసలు పరీక్ష మొదలైంది. పొద్దెక్కి, తారురోడ్డు కాలసాగింది. నా భార్య కాలిమడమ బొబ్బలెక్కి పగిలింది; అయినా మొక్కు కనుక చెప్పులు వేసుకోనని పట్టుబట్టి రోడ్డు పక్క తెల్లగీత మీద అడుగులో అడుగు వేస్తూ నడిచింది. ఒక పందిరి కింద పూలమ్ముకుంటున్న పెద్దామె అది చూసి, "ఉక్కారుంగమ్మా" అంటూ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పూలమీద చల్లడానికి పెట్టుకున్న బకెట్టు నీళ్ళలో ఆమె పాదాలు ఉంచింది. డబ్బివ్వబోతే కోపగించి, కావాలంటే పూలు కొనమన్నది. రెండు మూరలు కొంటే మూడో మూర తానే తలలో తురిమింది. మన యాత్రికుల రద్దీవల్ల ఆమెకు కొంత తెలుగు పట్టుబడింది. మీరు స్వామిని ఏమి కోరుతారమ్మా అని అడిగాను. కొడుకుకు సొంత ఆటో కావాలని, ప్రతి కార్తీక దీపానికీ అడుగుతూనే ఉన్నానని, స్వామికి తన మాట వినే తీరిక ఇంకా దొరకలేదని చెప్పి పకపకా నవ్వింది. కోరిక లేని మనిషి కాదామె. అది తీరేదాకా సంతోషాన్ని వాయిదా వేయని మనిషి. నాకు కొరుకుడు పడని సంగతి అక్కడ కొంత విడివడింది.

ఇక ఆలయంలోని క్యూ గురించి చెప్పకపోతే అబద్ధమాడినట్లే. పౌర్ణమి కాని రోజునే ఊపిరాడని తోపులాట, పసిపిల్లల ఏడుపులు, సందు చూసుకుని దూరిపోయేవారు, గర్భాలయం దగ్గరపడుతున్నా సెల్ ఫోన్ ఆపనివారు. ముందున్న వ్యక్తి మోచెయ్యి నా పక్కటెముకలకు తగిలినప్పుడల్లా నామం ఆగి, తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. అటువంటి స్థితిలో, దీపాల వేడికి చెమటలు కారుతుండగా, నలుగురి తలల సందున ఒక్కసారి స్వామి కనిపించాడు: విభూతి, పూలమాల, వాటి వెనుక నల్లని లింగరూపం. దారంతా కూర్చుకున్న అర్జీలో ఒక్క మాటైనా నోటికి రాలేదు. అడగడానికి ఏదో ఉండాలన్న ధ్యాసే లేదు. అంతలో ఎవరో భుజం పట్టి పక్కకు నెట్టారు.

బయట మండపం నీడలో కూర్చున్నాక, "ఏమండీ, అమ్మాయి పెళ్ళి సంగతి స్వామికి చెప్పారా?" అని నా భార్య అడిగింది. మరిచిపోయానన్నాను.

"నాకు తెలుసు లెండి, అందుకే ఇద్దరి తరపునా నేనే చెప్పాను. వచ్చే ఏడు అల్లుడితో కలిసి వస్తామని కూడా మొక్కుకున్నాను" అన్నది. ఈసారి చెప్పుల విషయం ఏమని మొక్కిందో కనుక్కుని, కాట్పాడి బస్సు కోసం బయలుదేరాము.