ఫ్రిజ్ అన్నం

ఈ రోజు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ 178. మొన్న అదే కప్పు అన్నం, అదే ఆనపకాయ పప్పు కుక్కర్ దించగానే తింటే 206. ఈసారి అన్నం నిన్న సాయంత్రం వండి, ఆవిరి పోగానే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో తోసి, ఇవాళ పొగలొచ్చేలా వేడి చేసుకున్నాను.

పొద్దున డబ్బా తెరిస్తే మెతుకులన్నీ కలిసి ఇటుకలా ఉన్నాయి. గరిటె వెనకతో నొక్కితే పొడిపొడిగా విరిగాయి. ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థం చల్లారాక మళ్ళీ గట్టిగా అల్లుకుంటుందట. ఆ అల్లిక చిన్నపేగుకు లొంగి చక్కెరగా మారదు, పెద్దపేగులో బ్యాక్టీరియా పాలవుతుంది. మళ్ళీ వేడి చేసినా చాలావరకు విడిపోదు. 2015లో అచ్చయిన ఇండోనేషియా పరిశోధనలో నూరు గ్రాముల వేడన్నంలో అలాంటి అరగని పిండి 0.64 గ్రాములు, ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి వేడి చేసినదాంట్లో 1.65. రెట్టింపు కన్నా ఎక్కువే! సంబరపడ్డాను గానీ, ఆ నూరు గ్రాముల్లో మొత్తం పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. వాళ్ళు పరీక్షించింది కూడా 15 మంది ఆరోగ్యవంతుల్ని, నాలాంటి షుగర్ వాళ్ళని కాదు.

పైగా ఇవాళ తిన్నాక రైతుబజారు దాకా నడిచాను, మొన్న నడవలేదు. మీటరే పదిహేను శాతం అటూ ఇటూ చూపించొచ్చు. 206 నుంచి 178కి తగ్గిన ఆ 28 పాయింట్లలో అన్నం వాటా ఎంతో!

"ఇదేటే, మా చద్దన్నాన్నే ఫ్రిజ్‌లో పెట్టి గొప్ప చేస్తున్నారు," అంది అమ్మ. రాత్రంతా బయట ఉంచితే ఈ ఎండలకి పాడవుతుందమ్మా, అందులో పుట్టే విషం మళ్ళీ మరిగించినా పోదు అన్నాను. నాన్న రోజూ చద్దన్నం తిన్నా షుగర్ రాలేదు కదా అని నేనే గుర్తు చేశాను.

"చద్దన్నం వల్లేటి? నరసన్నపేట మడిలో పొద్దు గూకేదాకా నడుం వంచేవారు. నువ్వు కుర్చీలో కూకుంటావు."

మధ్యాహ్నం 178 ఇచ్చిన ధైర్యంతో రాత్రి అదే డబ్బాలోంచి ఇంకో రెండు గరిటెలు వేసుకున్నాను. ఫ్రిజ్ అన్నమే కదా అని. పది గంటలకు 221.

పెట్టెలో స్ట్రిప్పులు ఇంకా ఆరే ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు, గరిటె కడిగి బోర్లించి పడుకుంది.