కనుబొమ్మ కదలని రోజులు

చాలా ఏళ్లుగా డైలీ సీరియల్స్‌లో అత్త, పెద్దమ్మ, ఆడపడుచు పాత్రలు వేస్తున్నాను. సినిమాల్లో అయితే హీరోకి వదినగా, అమ్మగా చిన్న వేషాలు. నా పాత్రలకి డైలాగ్ కంటే క్లోజప్ ముఖ్యం. మాట అయిపోయాక కూడా కెమెరా ముఖం మీదే ఉంటుంది. కనుబొమ్మ ఒకటి పైకి లేపి, పెదవి చివర బిగిస్తే ఎపిసోడ్ అక్కడ ఆగుతుంది.

ఒక పొద్దున ఆ కనుబొమ్మ లేవలేదు. మేకప్ రూములో నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే ‘బాబూ’ అనే మాటలో ‘బ’ పలకలేదు, ఉత్త గాలి వచ్చింది. “అక్కా, నీ ఎడమ కన్ను మూసుకోవట్లేదు” అంది మేకప్ అమ్మాయి. గాలి తగిలిందని ఒకరు, దిష్టి అని మరొకరు. నాకైతే పక్షవాతమేమోనని కాళ్లు వణికాయి.

న్యూరాలజిస్ట్ ముందు నుదురు ముడేయమన్నారు. ఎడమ వైపు ముడత పడలేదు. స్ట్రోక్‌లో మూతి వంకరపోయినా నుదురు సాధారణంగా కదులుతుందట. నాకు నుదురు కూడా కదల్లేదు, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. బెల్స్ పాల్సీ అన్నారు. ముఖాన్ని కదిలించే ఏడో నరం చెవి దగ్గర ఎముకలోని సన్నటి దారిలో వాచి నొక్కుకుపోతుంది. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితే కోలుకునే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే చెబుతున్నాను, మూతి వంకరపోతే పసర్ల కోసం తిరగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అది స్ట్రోకో కాదో డాక్టరే తేల్చాలి.

పగలంతా కంట్లో చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్పకి టేపు. అన్నం చెంపలో ఇరుక్కుంటే వేలితో తీసుకోవాలి.

అంతకంటే బాధపెట్టింది ఒక మేనేజర్ మాట. “ఎవరికీ చెప్పకండి మేడం, తర్వాత ఎవరూ పిలవరు” అన్నాడు. రోజు లెక్కన డబ్బులొచ్చే వాళ్లం, షూటింగ్‌కి వెళ్లకపోతే పైసా రాదు. తీసిపెట్టుకున్న ఎపిసోడ్లు అయిపోగానే నా పాత్రలోకి ఇంకొకావిడ వచ్చేసింది. మంచం మీద పడుకుని నటి హంసా నందినిని తలుచుకునేదాన్ని. 2021 డిసెంబర్‌లో రొమ్ము క్యాన్సర్ అని తనే చెప్పుకుని, గుండుతో ఉన్న ఫోటో పెట్టింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో సమంత చేతికి సెలైన్‌తో ఉన్న ఫోటో పెట్టి, కండరాలు వాచే మయోసైటిస్ అనే జబ్బు వచ్చిందని చెప్పింది. వాళ్లే దాచలేదు, నేనెందుకు దాచాలి? వంకర నవ్వుతోనే నా ఫోటో పెట్టేశాను.

అద్దం ముందు కూర్చుని మెల్లగా వ్యాయామాలు చేసేదాన్ని. గట్టిగా లాగొద్దని ఫిజియోథెరపిస్ట్ పదేపదే చెప్పేవారు. వారాలు గడిచినా తేడా తెలియలేదు. ఒక సాయంత్రం టీ ఊదుకుంటుంటే అమ్మ “పెదాలు రెండు పక్కలా కలుస్తున్నాయే!” అని అరిచింది. ఆ తర్వాత కన్ను, చివరికి కనుబొమ్మ.

ఇప్పుడు వేరే సీరియల్‌లో చేస్తున్నాను. గట్టిగా నవ్వితే ఎడమ కన్ను కాస్త మూసుకుంటుంది, షాట్‌కి ముందే కెమెరామెన్‌కి చెప్పేస్తాను. పాత పాత్ర నాకు తిరిగి రాలేదు. ఆవిడ బాగా చేస్తోందని అందరూ అంటారు. నాకు మాత్రం ఇంకా చూడబుద్ధి కావట్లేదు.