ప్రెస్టన్ రోడ్డు వెంట, ఆపైన పడమరగా

డాలస్ నుంచి ప్రెస్టన్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే టెక్సస్ గత యాభై ఏళ్లలో ఎలా పెరిగిందో ఒక్క పూటలో చూడవచ్చునని, ఫ్రిస్కోలో కాపురముంటున్న మా మేనల్లుడు చెప్పాడు. మొదట దాటింది ప్లేనో. 1970లో 17,872 మంది ఉన్న ఈ ఊళ్లో 2020 నాటికి 2,85,494 మంది ఉన్నారు. టొయోటా సంస్థ తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి తరలించి 2017లో తెరిచిన ప్రాంగణం కూడా ఇక్కడే ఉంది. ఇంత ఎదిగిన ఊళ్లో పిల్లలు చాలక నాలుగు బడులు మూసివేయాలని 2024లో నిర్ణయించారని విని ఆశ్చర్యపోయాను. కారణం వింటే అందులో వింతేమీ కనిపించలేదు. ముప్పై ఏళ్ల క్రితం ఇళ్లు కొన్నవారు పిల్లలు పెరిగి వెళ్లిపోయినా అవే ఇళ్లలో ఉంటున్నారు, ఖాళీ అయ్యే కొద్దిపాటి ఇళ్ల ధరలు కొత్తగా పెళ్లయిన జంటలకు అందడం లేదు. ఆ జంటలు ఇదే రోడ్డు మీద ఇంకాస్త పైకి వెళ్లి కొనుక్కుంటున్నారు.

ఆ తరువాతి ఊరు ఫ్రిస్కో. 2000లో 33,714గా ఉన్న జనాభా 2020లో 2,00,509కి చేరింది. ఈ పెరుగుదలలో మనవాళ్ల పాలు ఎంతో తెలుసుకోవడానికి లెక్కలు తిరగేయనక్కరలేదు, శనివారం కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో ప్రసాదం వరసలో నిలబడితే చాలు. సాయంత్రం చెరువు గట్టున నడకకు వెళితే బూట్లు తొడుక్కున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఎదురవుతారు, మాటలన్నీ మనవల బడి చుట్టూనే తిరుగుతాయి. ఇళ్ల ధరను నిర్ణయించేది కూడా ఆ బడే. "ఇక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు మామయ్యా, అందుకే అందరూ వస్తారు. వచ్చాక ఇంటి పన్ను బిల్లు చూసి గుండె పట్టుకుంటారు" అన్నాడు మావాడు. ఇంటి విలువలో ఏటా రెండు శాతానికి అటూ ఇటూగా కట్టాలట. అందులో పెద్ద భాగం బడులకే పోతుందంటే, పిల్లలు తగ్గిన పేటల్లో వృద్ధులు ఎందుకు సణుగుతారో ఊహించవచ్చు.

ప్రాస్పర్ దాటి సెలీనా చేరేసరికి రోడ్డుకు ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క పొలాలు కనిపించాయి. 2023లో అమెరికాలో ఇరవై వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్లన్నిటిలోకీ శాతం లెక్కన వేగంగా, ఒక్క ఏడాదిలో 26.6 శాతం పెరిగిన ఊరిది. ఒకచోట కారు ఆపి చాలాసేపు చూశాను. పొలం మూలలో వాణిజ్య స్థలం అమ్మబడునని పెద్ద పలక, దాని వెనుక చుట్టలు చుట్టి పేర్చిన ఎండుగడ్డి, ఆ గడ్డి పక్కనే ఓ పది ఆవులు ఉన్నాయి. సేద్యం కోసం కాకపోతే అవి అక్కడెందుకని అడిగాను. భూమి వ్యవసాయంలో ఉన్నంత కాలం పన్నును దాని అమ్మకపు ధర మీద కాక, పంట ఇచ్చే విలువ మీద లెక్కగడతారు కాబట్టి, మంచి బేరం కుదిరేదాకా యజమానులు ఆవులనో గడ్డినో అలా ఉంచుతారని తెలిసింది. కంచె అవతల చెక్క చట్రాల మీద మేకులు కొడుతున్నవారు స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు. 2022 అంచనాల ప్రకారం టెక్సస్‌లో హిస్పానిక్ ప్రజలు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, 40.2 శాతమై, హిస్పానిక్‌లు కాని శ్వేతజాతీయులను మొదటిసారిగా దాటారు. కట్టేవారిని, కొనేవారిని ఒకే చోట చూశాక ఆ అంకె నాకు మరింత బాగా అర్థమైంది.

2010 నుంచి 2020 వరకు రాష్ట్ర జనాభా సుమారు 40 లక్షలు పెరిగి 2,91,45,505కు చేరింది, దానితో అమెరికా ప్రతినిధుల సభలో రెండు స్థానాలు అదనంగా వచ్చాయి. అయితే అదే దశాబ్దంలో మన జిల్లాల్లాంటి 254 కౌంటీలలో 143 కౌంటీలు జనాన్ని కోల్పోయాయి. ఆ రెండో ముఖం కూడా చూడాలని పట్టుబట్టి మావాడి చేత 287 రహదారి మీద పడమరగా కారు నడిపించాను.

విచిటా ఫాల్స్, వెర్నన్ దాటితే హార్డిమన్ కౌంటీ, దాని ముఖ్య పట్టణం క్వానా. అమెరికా ఆదివాసి తెగ అయిన కమాంచీల నాయకుడు క్వానా పార్కర్ పేరు మీద వెలసిన ఊరిది. 1930లో కౌంటీలో 14 వేలమందికి పైగా ఉండగా 2020లో 3,549 మందే మిగిలారు. పత్తి ఇప్పటికీ పండుతోంది కానీ, ఒకప్పుడు కుటుంబాలకు కుటుంబాలు వంగి ఏరిన పత్తిని ఇప్పుడు ఒక్క మనిషి యంత్రం మీద కూర్చుని ఏరేస్తున్నాడు. నడివీధిలో సగం దుకాణాలకు పలకలు కొట్టి ఉన్నాయి. కాఫీ తాగిన హోటల్లో యజమానురాలు, డెబ్బై దాటిన మనిషి, మేము ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, తన ఇద్దరు కొడుకులూ అటే వెళ్లిపోయారని, ఒకడు ఫోర్ట్ వర్త్ దగ్గర ఇళ్లకు కరెంటు పని చేస్తాడని చెప్పింది. టెక్సస్ పెరుగుదల గురించి రాసేవారు కాలిఫోర్నియా నుంచి వచ్చేవారిని, మనలాంటి వలసవారిని లెక్కిస్తారు కానీ, ఈ పల్లెల నుంచి తరలిపోయేవారిని అంతగా పట్టించుకోరని నాకనిపించింది.

తిరుగు దారిలో వెర్నన్ దగ్గర గాలిమరలు కనిపించాయి. గాలి కరెంటులో టెక్సస్‌దే దేశంలో మొదటి స్థానం. భూమి ఇచ్చిన రైతుకు కౌలు, కౌంటీకి పన్ను వస్తాయి కానీ, నిలబెట్టిన తరువాత వాటిని చూసుకోవడానికి కొద్దిమంది సరిపోతారు. అవి తీసే కరెంటు తీగల మీద తూర్పున ఉన్న నగరాలకే పోతుంది.