13 షాట్లు, 30 నిమిషాలు: విజయనగరంలో మా క్లబ్బు పోటీ

మజిల్ లోడర్ పోటీ పెడదామని మా క్లబ్బులో ఎప్పటి నుంచో ఒకటే గోల. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డముక్కలో గుండు పెట్టి ఊచతో దట్టించి పేల్చే ఆ పాత తుపాకులంటే వీడియోలు చూసిన ప్రతివాడికీ మోజే. తుపాకీకి ఆర్మ్స్ యాక్టు లైసెన్సు, మందుకి పేలుడు పదార్థాల చట్టం, ఒక్క ఆదివారం సరదా కోసం అంత తలనొప్పి ఎవరు పడతారు? అందుకని తుపాకులు వదిలేసి రూల్సు మాత్రం తెచ్చుకున్నాం. అంతర్జాతీయ మజిల్ లోడర్ పోటీల్లో 30 నిమిషాల్లో 13 షాట్లు కాలుస్తారు, వాటిలో బాగా పడిన 10 మాత్రమే లెక్కేస్తారు. ఈ పద్ధతినే ఎయిర్ రైఫిళ్లకి పెట్టాం. 4.5 ఎంఎం బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు గొడవ లేదు. అయినా ఊళ్లో చప్పుళ్లు విని ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి వచ్చాం.

చోటు: గజపతినగరం వెళ్లే దారిలో మా బావ వాళ్ల ఖాళీ ధాన్యం గోడౌను. వెనక ఇటుక గోడ, ఉన్నది ఒక్కటే తలుపు, అదీ కాల్చేవాళ్ల వీపు వైపు. మామిడి తోటలో పెడితే చల్లగా ఉంటుంది కదా అన్నారు కొందరు, కానీ తోటలోకి మేకలవాళ్లు ఎటు నుంచి వస్తారో ఎవరు చెప్పగలరు?

ఎక్కువ టైము తిన్నది పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుళ్లు, ఆపే పెట్టెలే. చెక్కపెట్టె, లోపల 3 ఎంఎం ఇనప రేకు 45 డిగ్రీల ఏటవాలుగా, అడుగున ఇసుక. పెల్లెట్ ముందున్న అట్టని చీల్చుకుని వెళ్లి రేకుకి కొట్టుకుని ఇసుకలో పడుతుంది. రేకు నిటారుగా పెడితే సీసం ముక్కలు మన మీదకే ఎగురుతాయి, ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. వెల్డింగ్ షాపాయన కొలతలు చూసి "ఏటి బాబూ, ఎలకల బోన్లా?" అన్నాడు. కళ్లజోళ్లు కూడా ఆ పక్క హార్డ్‌వేర్ కొట్లోనే దొరికాయి, గ్రైండింగ్‌కి వాడే తెల్లవి, చూడ్డానికి వచ్చినవాళ్లకీ తప్పనిసరి చేశాం.

గురి చూసి కొట్టే వలయాల కార్డు మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు, కార్డు నుంచి సరిగ్గా 10 మీటర్లకి ముగ్గుపిండితో గీత. రైఫిల్ కార్డు కొనలేదు, ఎందుకంటే దాని బయటి వలయమే 45.5 ఎంఎం, అందులో 13 పెల్లెట్లు పడితే మధ్యలో ఒకే పెద్ద బొక్క, మార్కులు ఎవడు లెక్కేస్తాడు? పిస్టల్ కార్డు బయటి వలయం 155.5 ఎంఎం, పది మార్కుల వలయం 11.5 ఎంఎం, స్ప్రింగుతో గాలిని నొక్కి పేల్చే మా రైఫిళ్లకి అది చాలు. మామూలు జిరాక్సు కాగితం మీద ప్రింటు వేస్తే అంచులు చిరిగి తగాదాలొస్తాయి, పెళ్లి శుభలేఖల మందం ఉన్న అట్ట తీసుకోండి. గీతని తాకితే పై మార్కే. అనుమానం వస్తే 4.5 ఎంఎం డ్రిల్ బిట్ వెనక వైపు నున్నటి కాడని బొక్కలో పెట్టి చూశాం, ఎవరూ నోరెత్తలేదు.

సంక్రాంతి హడావుడి అయ్యాక పెట్టుకున్నాం, పొద్దున్నే మంచు, గోడౌన్‌లో లైట్లు వేసినా కార్డులు మసగ్గా కనిపించాయి, ఎండ వచ్చేదాకా ఆగి ఉప్మా తిన్నాం. 1757 బొబ్బిలి యుద్ధం జరిగింది కూడా ఇలా జనవరిలోనే, 24న, కాబట్టి చీటీలు తీసి బొబ్బిలి, విజయనగరం అని రెండు జట్లు చేశాం. అప్పట్లో విజయనగరం వైపు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ మాత్రం ఎవరికీ దొరకలేదు.

లైన్ దగ్గర మా రిటైర్డ్ హవల్దారు గారిదే రాజ్యం. ఆయన "లోడ్" అనేదాకా రైఫిళ్లన్నీ గొట్టం కిందికి వంచి తెరిచి బల్ల మీద ఉండాలి, "స్టాప్" అంటే సగం గురి పెట్టినవాడైనా దించాల్సిందే. "వేలు ట్రిగ్గర్ లోపల కాదు బాబూ, పక్కన!" అని ఎన్నిసార్లన్నారో. కార్డులు మార్చడానికి ఒక్కరినే పంపారు, ఆ మనిషి తిరిగొచ్చేదాకా రైఫిల్ ముట్టుకోనివ్వలేదు.

ఈ 13లో 10 అనే రూల్ ఉంది చూశారూ, కొత్తవాళ్లకి వరం. మా లెక్కల టీచరమ్మ మొదటి మూడూ ఎటెటో కొట్టారు. స్ప్రింగు రైఫిల్ పేలేటప్పుడు వెనక్కీ ముందుకీ రెండు కుదుపులిస్తుంది, బిగించి పట్టుకుంటే గురి ప్రతిసారీ ఒక్కోవైపు పోతుంది. హవల్దారు గారు వెళ్లి ఆవిడ ఎడమ చేతి వేళ్లు విప్పించి, ఉత్త అరచేతి మీద రైఫిల్‌ని ఆనించమన్నారు. తర్వాతి షాట్ తొమ్మిది. ఆ మూడూ ఎలాగూ పోయేవే కదా అని టెన్షన్ లేకుండా కాల్చి చివరికి 84 తెచ్చుకున్నారు, రోజూ ప్రాక్టీసు చేసే మావాడికి 86. షాట్‌కి రెండు నిమిషాల పైచిలుకు టైముంది, మందు దట్టించే పని లేదు కాబట్టి మధ్యలో రైఫిల్ దించి ఊపిరి తీసుకోవచ్చు. అలా ఆగినవాళ్లకే మార్కులు పడ్డాయి, గబగబా కాల్చి కబుర్లకి కూర్చున్న కుర్రాళ్లు వెనకబడ్డారు. బొబ్బిలి జట్టే గెలిచింది, ఇక సంవత్సరమంతా వాళ్ల మాటలు పడాలి.

సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే భోజనం. నేల చీపురుతో ఊడ్చలేదు, సీసం దుమ్ము లేస్తుందని తడిగుడ్డ పెట్టాం.

వచ్చేసారికి పెద్దవాళ్లు కూర్చుని కాల్చే వరస ఒకటి అడుగుతున్నారు, పెడతాం, కానీ టెంటుహౌస్ ప్లాస్టిక్ కుర్చీలు ఊగుతాయి కాబట్టి బడి నుంచి చెక్క స్టూళ్లు అడగాలి. పెట్టెల్లో ఇసుక కూడా ఇంకో నాలుగు వేళ్ల మందం పెంచాలి.