జెంటిల్ రిమైండరట!

పదకొండున్నర దాటింది. ఈయన గురక మొదలుపెట్టి గంటయింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఎందుకో చెప్తే నవ్వుతారు. ఇక్కడ ఇంగ్లాండులో మా పిల్లల బడి నుంచి వచ్చిన ఉత్తరం.

ప్రతి శుక్రవారం పిల్లల్ని తీసుకొచ్చే వేళకి ఫోన్లో టింగుమని పడుతుంది కదా, హెడ్ టీచరుగారి వారం కబుర్లు. మామూలుగా అయితే స్టవ్ దగ్గర నిలబడి, ఒక చేత్తో పోపు తిప్పుతూ, ఇంకో చేత్తో పైపైన చూసి వదిలేస్తాను. పెద్దది ఆ బడిలో ఇది ఏడో ఏడు. ఆ ఉత్తరాల వరస నాకు కంఠతా వచ్చు. సెప్టెంబరు మొదటి వారం, కొత్త బూట్లలో పిల్లలు ఎంత ముచ్చటగా ఉన్నారో. రెండో వారం, పేరు రాయని స్వెట్టర్లు అప్పుడే ఆరు దొరికాయని. తర్వాత హార్వెస్ట్ అనే పంటల పండగ, లేనివాళ్ళకి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకి బీన్స్ డబ్బాలు పంపండి. తర్వాత ముక్కులో కొట్టే ఫ్లూ మందుకి ఒప్పుకోలు ఫారం. తర్వాత పేలు. పేల గురించి రాయని హెడ్ టీచరు ఈ దేశంలో ఉంటారని నేను అనుకోను. నవంబరు రాగానే యుద్ధాల్లో పోయిన సైనికుల జ్ఞాపకంగా పాపీ పువ్వులు, రెండు నిమిషాల మౌనం, ఆ వెనకే జత కలవని సాక్సులు వేసుకు రావలసిన రోజు. ఏడిపించడాలు మానమని చెప్పడానికట అది. మా ఇంట్లో దానికి ప్రత్యేకం ఏర్పాట్లు అక్కర్లేదు, రోజూ అవే.

ఇవాళ్టి ఉత్తరంలోనూ అన్నీ ఉన్నాయి. గేటు ముందు జిగ్‌జాగ్ గీతల మీద కార్లు ఆపొద్దని ఉంది. డిసెంబరులో క్రిస్మస్ నాటకానికి వేషాల జాబితా ఉంది (మా చిన్నాడు గొర్రె. పోయినేడు నక్షత్రం. హోదా తగ్గిందని వాడేం బాధపడటం లేదు). ఈ రెండింటి మధ్యలో నాలుగు లైన్లు.

జెంటిల్ రిమైండర్ అని పైన. కింద, నేను తెలుగులో చెప్తున్నాను, ఇలా ఉంది. హాఫ్ టర్మ్ సెలవుల ముందు వారంలో కొన్ని కుటుంబాల పిల్లలు బడికి రాలేదు. దయచేసి అసలు కారణమే మాకు చెప్పండి. తప్పు పట్టడానికి అడగడం లేదు. అయినా, పిల్లలు మాకు అన్నీ చెప్పేస్తారు సుమా! చివర ఒక నవ్వు బొమ్మ.

పోపు మాడింది.

ఎందుకంటే ఆ వారంలోనే దీపావళి వచ్చింది. మా సంగతి ఇదీ. సోమవారం పండగకని ముందే నిజాయితీగా సెలవడిగాం, ఇచ్చారు. పూజ చేసుకుని బాబాయి వాళ్ళబ్బాయి ఇంటికి లెస్టర్ వెళ్ళాం. బెల్‌గ్రేవ్ రోడ్డు పొడుగునా ఆ లైట్లు, ఆ జనం, ఆ జిలేబీ వాసన చూస్తే చిన్నాడికి కాలు నిలవలేదు. మళ్ళీ వాళ్ళింటికొచ్చాక పెరట్లో కాకరపువ్వొత్తులు. ఇక్కడ టపాసులు మామూలు రోజుల్లో రాత్రి పదకొండుకల్లా ఆపేయాలి గానీ దీపావళికి మాత్రం ఒంటిగంట దాకా కాల్చుకోవచ్చు. చట్టమే అంత ఉదారంగా ఉంటే మనం తొందరపడి బయల్దేరడం ఏం బావుంటుంది? ఇల్లు చేరేసరికి రెండున్నర. పొద్దున్న చిన్నాణ్ణి లేపితే తల దిండు మీద నుంచి లేవలేదు. పెద్దది తనే లేచి బడికి పోయింది, అది వేరే జాతి. నేను బడి ఫోను తీసి, ఆ రికార్డింగు గొంతు అడిగిన వరసలోనే వాడి పేరు, తరగతి చెప్పి, కారణం దగ్గర అర సెకను ఆగి, వాంతులు అన్నాను.

వాంతులే ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. జలుబు అనొచ్చు. పన్నునొప్పి అనొచ్చు. పది నిమిషాలకి ఆఫీసావిడ తిరిగి ఫోను చేసింది, పాపం ఎలా ఉన్నాడు, నీళ్ళు తాగుతున్నాడా అని తేనెలొలికించి, చివరి వాంతి అయిన దగ్గర్నుంచి 48 గంటలు బడికి పంపకూడదు, తెలుసు కదా అంది. తెలుసు. ఏడేళ్ళుగా ప్రతి ఉత్తరంలో చదువుతున్నదే. ఒక్క పూట నిద్ర కోసం ఆడిన అబద్ధానికి రెండు రోజులు వాణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఆఫీసు మీటింగుల మధ్య పేపరు రాకెట్లు చేసిచ్చాను. వాడు సోఫా మీద నుంచి దూకుతుంటే, నువ్వు జబ్బుగా ఉన్నావురా, మెల్లిగా దూకు, అని కూడా అన్నాను.

వాడి హాజరు 93 శాతం దగ్గరికి దిగింది. తొంభై కంటే తగ్గితే ఇక్కడ పెట్టే పేరు వేరే ఉంటుంది, అది వినడానికే బావుండదు.

ఈయనతో అంటే, మన సంగతి కాదులే అన్నారు. లెక్క కూడా చెప్పారు. 2024 ఆగస్టు నుంచీ ఇంగ్లాండంతా ఒకటే పద్ధతట, అనుమతి లేకుండా పది పూటలు పోతే అప్పుడు జరిమానా మాట వస్తుంది, తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80, మూడు వారాల్లో కట్టకపోతే 160. మనవి నాలుగు పూటలు, అవీ జబ్బు ఖాతాలో పోయాయి, నీకెందుకు గుబులు అని. నా గుబులు పౌండ్ల గురించి అనుకుంటున్నారు పదమూడేళ్ళ కాపురం తర్వాత కూడా. "వాడి పేరొచ్చింది చూశావా, స్టార్ ఆఫ్ ద వీక్" అని కూడా అన్నారు. ఆఁ చూశాను అన్నాను. చూడలేదు. ఆ నాలుగు లైన్లే ఆరుసార్లు చదివాను.

నాకు మండేది ఆ 'కొన్ని కుటుంబాలు' అన్న మాట. ఎవరా కొన్ని? రెండా, ఇరవయ్యా? తిట్టదలుచుకుంటే పేరు పెట్టి తిట్టాలి, లేదంటే ఊరుకోవాలి. నాలుగొందల ఇళ్ళకి ఒకే ఉత్తరం పంపి, ఎవరి తల వాళ్ళే తడుముకోండని వదిలేస్తే ఎట్లా? పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పేరు పేరునా గుడ్ మార్నింగ్ చెప్తుందే ఆ హెడ్ టీచరు, ఆ పూటే నా చెవిలో ఒక మాట వేస్తే పోయేది కదా.

మా హెడ్మాస్టారైతే అట్లా కాదు.

ఏడో తరగతిలో ఉండగా శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాం, మా ఊరి ప్రభతో, ట్రాక్టరు మీద. ప్రభ చూడని వాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. మేడ కన్నా ఎత్తున కట్టి, నిండా కరెంటు బల్బులు, వెనకాల జనరేటరు. చీకట్లో చేల మీదుగా ఒక్కో ఊరి ప్రభా కొండవైపు కదిలి వస్తుంటే ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. మర్నాడు బడి ఉంది. మేం ఇంటికొచ్చిందే మర్నాటి మధ్యాహ్నం. ఆ మరుసటి రోజు సెలవు చీటీ పట్టుకెళ్ళాను. ఇంగ్లీషు మాస్టారు మాకు నేర్పింది ఒకటే సెలవు చీటీ, అందులో కారణం కూడా ఒకటే. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. అక్క పెళ్ళికీ జ్వరమే, మిరపకాయల కోతలకీ జ్వరమే. పరీక్షలో రాసినా జ్వరానికే మార్కులు. మా తరం మొత్తానికి అబద్ధం ఆడటం సెకండ్ పేపర్లో సిలబస్. కింద నాన్న సంతకం.

హెడ్మాస్టారు చీటీ చదివి, కళ్ళజోడు పైనుంచి చూసి, "ప్రభల జ్వరమా అమ్మా?" అన్నారు. క్లాసంతా పగలబడింది. ఆయన కూడా తిరునాళ్ళకొచ్చి, నేను చెరుకుగడ నములుతూ ట్రాక్టరు మీద కూర్చోవడం చూశారట. పది పాసయ్యేదాకా నా పేరు ప్రభజ్వరం. మొన్న సంక్రాంతికి ఫోను చేసిన స్నేహితురాలు కూడా అట్లానే పిలిచింది. ఇక్కడిదాకా ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్తాను. మా పిల్లలకీ చెప్పాను. చూశారా, ముఖం మీదే అడిగేవారు, దాపరికం లేదు, అయిపోయింది, మనసులో ఏదీ మిగిలేది కాదు అని రాద్దామనే ఇందాక లాప్‌టాప్ తీశాను.

మిగల్లేదా?

ఆ సాయంత్రం ఆయన సైకిలు మా అరుగు ముందు ఆగింది. అరుగు మీద నాన్నతో పాటు నలుగురైదుగురున్నారు. నేను తలుపు వెనకాల. "ఏమయ్యా, సంతకం పెట్టేముందు పిల్ల ఏం రాసిందో చదువుకోవాలయ్యా" అన్నారు మాస్టారు, నవ్వుతూనే. మంచి మాటే. కానీ నాన్నకి ఇంగ్లీషు రాదు. అరుగు మీద ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, లేచి నిలబడి, "చిత్తం మాస్టారూ" అన్నారు. నన్నేమీ అనలేదు. ఆ రాత్రి కూడా.

హెడ్మాస్టారి ఇల్లు మా వీధి మొగలోనే. నాన్న చేలోకి ఆ దారినే వెళ్ళేవారు. ఆ తర్వాత చాలా రోజులు కాలవ కట్ట మీదుగా చుట్టు తిరిగి వెళ్ళారు. ఎవరూ చెప్పలేదు నాకు. వాకిట్లో ఆయన చెప్పులకి ఎండిపోయిన నల్లరేగడి పెళ్ళలు ఉండేవి, వీధి దారిన పోతే ఆ మన్ను అంటదు. పుల్లతో అది గోకి, చెప్పులు కడిగి పెట్టేదాన్ని. ఆ పని ఎవరూ చెప్పకుండానే చేసేదాన్నని ఇప్పుడు, ఇది టైపు చేస్తుంటే గుర్తొస్తోంది.

కాబట్టి పైన రాసింది కొట్టేసుకోండి. 'కొన్ని కుటుంబాలు' మంచిదే. ఎవరి తల వాళ్ళు తడుముకోవడమే మంచిది.

అనుకుని, పడుకుందామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. బుద్ధి ఊరుకోదు కదా. పాత ఉత్తరాలన్నీ మెయిల్లో ఉంటాయి. పోయిన నవంబరుది తీశాను. జెంటిల్ రిమైండర్. కొన్ని కుటుంబాలు. పిల్లలు మాకు అన్నీ చెప్పేస్తారు సుమా! అదే నవ్వు బొమ్మ. అంతకు ముందేడుదీ తీశాను. అక్షరం మారలేదు. ఏటా సెలవుల ముందు చవక టికెట్లు దొరికాయని స్పెయిన్ ఎగిరిపోయే వాళ్ళ కోసం రాసిపెట్టుకున్న పేరా అది. ఆవిడ తేదీ మార్చి పంపుతుంది, అంతే. నా గురించి కాదు, లెస్టర్ గురించి కాదు, వాంతుల గురించి కాదు.

ఎంత హాయిగా ఉండాలి! ఉందా అంటే, ఒక రవ్వ ఉడుకుమోత్తనంగా ఉంది. మూడు గంటలు నలిగిపోయాను, పోపు మాడ్చుకున్నాను, ఎప్పటివో చెప్పులు తవ్వుకున్నాను, తీరా చూస్తే మనం వాళ్ళ లెక్కలోనే లేం.

సరే, ఎలాగూ తెరిచాను కదా అని చివరికి ఆ స్టార్ ఆఫ్ ద వీక్ చూశాను. అట్టడుగున ఉంది, తరగతికి ఒక పేరు, పక్కన కారణం. ఒక పిల్లకి కూడికలు బాగా చేసినందుకు. ఒక పిల్లాడికి పడిపోయిన స్నేహితుణ్ణి లేపినందుకు. మావాడికి, అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండి లెస్టర్‌లో చూసిన దీపావళి గురించి క్లాసు ముందు నిలబడి ధైర్యంగా, ఎంతో వివరంగా చెప్పినందుకు.

ఎంతో వివరంగానట.

సోమవారం మీరు దింపుతారా అని ఈయన్ని లేపి అడిగాను. ఎనిమిదింటికే మీటింగు ఉందని అటు తిరిగి పడుకున్నారు. గేటు దగ్గర ఆవిడ ఉంటుంది, ఆ పచ్చ జాకెట్టులో, పేరు పెట్టి గుడ్ మార్నింగ్ చెప్తూ. పెద్ద పిల్లలు వెళ్ళే వెనక గేటు ఒకటుంది. పార్కు చుట్టూ తిరిగి పోవాలి, ఈ వానలకి అక్కడంతా బురద. వెల్లీ బూట్లు ఎక్కడ పెట్టానో చూసుకోవాలి.