ఓయ్ కాదు, ఒయిర్

బుధవారం, బ్రిటన్‌లోని వేల్స్‌లో కైర్నార్వన్ ఊరు. పొద్దున్నుంచి వానే.

ఇవాళ మార్నింగ్ షిఫ్ట్. కేర్ హోమ్‌లో నేను చూసుకునే పెద్దావిడకి తొంభై దాటాయి, మతిమరుపు జబ్బు. టీ ఇస్తే ముట్టలేదు. నావైపు చూస్తూ "ఓయ్, ఓయ్" అంటోంది. పిలుస్తోందనుకుని "వస్తున్నా, వస్తున్నా" అంటూ దిండు సర్దాను, నీళ్లిచ్చాను, టీవీ సౌండ్ తగ్గించాను. ఆవిడకి కోపం పెరుగుతోంది, నాకు టెన్షన్. పది నిమిషాలకి మెడలో నారింజ రంగు ట్యాగ్ వేసుకున్న కొలీగ్ అటుగా వచ్చి, ఒక్కసారి విని, అలమరలోంచి దుప్పటి తీసి కప్పింది. ఆవిడ అన్నది ఓయ్ కాదు, ఒయిర్. ఇక్కడి భాష వెల్ష్‌లో చలి అని.

కాళ్లు ముట్టుకుంటే మంచు. సిగ్గేసింది.

ఆవిడ మొన్నటిదాకా ఇంగ్లీషు బాగానే మాట్లాడేదట. ఈ జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాషే ముందు జారిపోతుంది. ఆ నారింజ ట్యాగ్ అర్థం "నాతో వెల్ష్‌లో మాట్లాడొచ్చు" అని. వేల్స్‌లో ఆరోగ్య, సంరక్షణ సేవలకి ఒక పద్ధతి ఉంది: మనిషి నోరు తెరిచి అడగకముందే వెల్ష్‌లో మాట్లాడమంటారా అని మనమే అడగాలి. చేరిన కొత్తలో ఇది విని లోపల్లోపల నవ్వుకున్నాను. అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, ప్రతి బోర్డూ ప్రతి ఫారమూ రెండు భాషల్లో ఎందుకు, దండగ అని. అడగలేని మనుషులుంటారని తట్టనే లేదు.

2021 లెక్కల్లో వేల్స్ మొత్తం మీద వెల్ష్ వచ్చినవాళ్లు సుమారు 5,38,000, నూటికి పద్దెనిమిది మంది కూడా కాదు. మా ఊరున్న గ్వినెడ్ ప్రాంతంలో మాత్రం నూటికి 64 మంది. 2050 నాటికి పది లక్షలు చేస్తామంటోంది ప్రభుత్వం. అవుతుందో లేదో గానీ, ఇక్కడిదాకా రావడమే ఊరికే రాలేదు. వెల్ష్ టీవీ ఛానల్ ఇస్తామన్న మాట ప్రభుత్వం నిలబెట్టుకోకపోతే ఆమరణ దీక్షకి కూర్చుంటానన్నాడు వేల్స్ జాతీయవాద నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్, 1980లో. దీక్ష మొదలవ్వకముందే థాచర్ ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఛానల్ వచ్చింది. మన పొట్టి శ్రీరాములుగారికి ఆ అదృష్టం లేకపోయింది.

బ్రేక్‌లో పనాద్ తాగుతూ (ఇక్కడ కప్పు టీని అలాగే అంటారు) కొలీగ్ ఇంకో సంగతి చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి కొన్ని బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేసేవాళ్లట. వాడు ఇంకొకడు వెల్ష్ మాట్లాడుతుంటే పట్టిస్తే అది వాడి మెడకి మారేది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్లకి దెబ్బలు. పాత కథలే అన్నట్టు తేలిగ్గా చెప్పింది. నాకు మాత్రం టీ గొంతు దిగలేదు. 2009లో మా కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో, తెలుగు మాట్లాడారని పిల్లల మెడల్లో పలకలు వేలాడదీశారు, "ఇంకెప్పుడూ తెలుగు మాట్లాడను" అని ఇంగ్లీషులో రాసి.

రాత్రి అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్తే, "ముసలామె కాళ్లకి సాక్సులు తొడిగినావా లేదా?" అంది. తొడిగానమ్మా.

చిన్న పుస్తకంలో వెల్ష్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాను, ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే నాలుక తప్పుదారి పడుతోంది. ఇవాళ్టిది: ఒయిర్, చలి. దుప్పటిని ఏమంటారో రేపు అడగాలి.