వాసన సరే, ఎర గాలం మీద నిలవాలి కదా!

మార్పులు, జెల్లలు అనే మీసాల చేపలకి ఎర ఎంత కంపు కొడితే అంత మంచిదంటారు. అది సగమే నిజం. వీటికి మీసాల మీదే కాదు, ఒంటి మీద కూడా రుచి తెలుస్తుంది. నీళ్ళలో కరిగే చేపరసం, నెత్తురు లాంటివి బురదనీళ్ళలోనూ ఇట్టే పసిగడతాయి. అలాగని చేపని కుళ్ళబెడితే మెత్తబడి, గాలం విసరగానే జారిపోతుంది. కాబట్టి సరుకు తాజాగానే ఉండాలి.

ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కవళ్ళు దీనికి చాలు, నూనె ఎక్కువున్న చవక చేప. పావుకిలో కవళ్ళు పేగులతో సహా మిక్సీలో మెత్తగా తిప్పండి. (ఇంట్లో వాళ్ళు ఊరుకోరు, పాత జార్ ఒకటి దీనికే పెట్టుకోండి.) అందులో మైదా 150 గ్రాములు, జల్లించిన తవుడు 100, వేరుశనగ చెక్క పొడి 50, దంచిన వెల్లుల్లి ఐదారు రెబ్బలు. నీళ్ళు పొయ్యొద్దు, చేపలో తడి సరిపోతుంది. చపాతీ పిండి కన్నా గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యండి. మైదాకి జిగురు వచ్చేది ఆ అరగంటలోనే. ఆ తర్వాత కొంచెం దూది పీచులుగా విడదీసి ముద్దలో పిసకండి. ఎరని పట్టి ఉంచేది ఈ పీచే.

చెరువుకి వెళ్ళకముందే పరీక్ష చెయ్యండి. గోలీ అంత ఉండ గాలానికి గుచ్చి బకెట్ నీళ్ళలో వదలండి. చుట్టూ నీళ్ళు మెల్లగా మసకబారాలి, ఉండ మాత్రం పావుగంటైనా విడిపోకూడదు. ముందే విడిపోతే తవుడు ఎక్కువైనట్టు, ఇంకో గుప్పెడు మైదా వెయ్యాలి. నీళ్ళు తేటగానే ఉంటే మైదా ఎక్కువైంది. అది రబ్బరులా బిగుసుకుని వాసనని బయటికి వదలదు.

పరిగెల్లాంటి చిన్న చేపలు ఎరని పొడిచి తినేసే చెరువులైతే ఉండల్ని మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం వేసి తీయండి. పైన పొర కట్టి నిలుస్తాయి.

కోడి లివర్ ఇంకా తేలిక, కానీ ఫ్రీజర్‌లో పెట్టింది వద్దు. గడ్డకట్టి కరిగేసరికి గుజ్జయిపోతుంది. తాజాది ముక్కలు చేసి, కిలోకి నాలుగు చెంచాల ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే నీరు దిగి గట్టిపడుతుంది. అప్పుడు కూడా సన్న దారంతో గాలానికి చుట్టాల్సిందే.

వాలుగ కోసమైతే ఈ ముద్దలన్నీ దండగ. దానికి చిన్న చేప, లేదా పెద్ద చేప ముక్క కావాలి.

మన ఉక్కకి ముద్ద పూటలో పులుస్తుంది, ఐస్ వేసిన డబ్బాలో తీసుకెళ్ళండి. ఎర కూర్చేటప్పుడు గాలం మొనని పూర్తిగా కప్పెయ్యకండి, లాగినప్పుడు దిగదు. మార్పులూ, జెల్లలూ అడుగున మేస్తాయి గనక బెండు కన్నా దారం మీద జారే సీసం గుండు మేలు. పొద్దు వాలాక పట్టు బాగుంటుంది. చెరువు వేలం పాటకిచ్చి ఉంటే ముందే అడగండి.

పడ్డాక చేతులు జాగ్రత్త. జెల్ల వీపు మీదా, రెండు పక్కలా ముళ్ళుంటాయి. ఇంగిలాయి అనే ఇంకో మీసాల చేప ముల్లుకైతే విషం కూడా ఉంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. వాపు పెరుగుతుంటే ఆసుపత్రికి వెళ్ళండి.